తెల్ల లైటు వేసి చూపించమన్నాను: మష్రూమ్ పగడాలు కొన్న నా అనుభవం

విజయవాడలో మంచినీటి చేపలు దొరికినంత తేలిగ్గా సముద్రపు ట్యాంకు సరుకు దొరకదు. ఇక్కడ రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టుకున్న మా కొద్దిమందిమీ చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకుంటాం. అంటే జీవి చేతికి రాకముందే, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని నమ్మి డబ్బులు పంపాలి. ఫొటోలో వెలిగిపోతున్న రంగు మన హాల్లో కూడా ఉంటుందా అన్నదే టెన్షన్. ఈ మధ్య ఎర్ర డిస్కోసోమా మష్రూమ్‌లు (పుట్టగొడుగు గొడుగులా పరుచుకునే మెత్తటి పగడాలు), కొన్ని జోవాంథస్‌లు (చిన్న పువ్వుల్లా గుత్తులుగా పెరిగే మెత్తటి పగడాలు) తెప్పించుకున్నాను. రంగు సంగతి తేలేదాకా డబ్బు పంపకూడదని ముందే అనుకున్నాను.

చట్టం మాట మొదట చెప్పాలి. మన దేశంలో రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. 2001లో వాటిని మొదటి షెడ్యూల్లో చేర్చారు. ఎంత అందంగా ఉన్నా, ఎవరు ఎంత తక్కువకి ఇస్తానన్నా నేను వాటి జోలికి పోను. మష్రూమ్‌లు, జోవాంథస్‌లు ఆ గట్టి పగడాల వర్గంలోకి రావు. అయినా సముద్రం నుంచి పీకిన ముక్క వద్దని, ట్యాంకులోనే పిలక వేసి పెరిగింది కావాలని అడుగుతాను.

చెన్నై అమ్మకందారు మొదట పంపిన ఫొటో అంతా ముదురు నీలం. మధ్యలో మష్రూమ్‌లు నారింజ ఎరుపులో వెలిగిపోతున్నాయి. నేను వాటిని వదిలేసి అడుగున ఉన్న ఇసుక చూశాను. అది ఊదారంగులో ఉంది. ట్యాంకుల్లో వేసే పగడపు ఇసుక తెలుపో, లేత గోధుమరంగో ఉంటుంది. ఇసుకే ఊదాగా కనిపిస్తుంటే, ఆ ఫొటోలో ఏ రంగునీ ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు.

అలాగని ఆ వెలుగు అబద్ధమూ కాదు. పగడం రంగు మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒంట్లో కాపురముండి దానికి తిండి అందించే సూక్ష్మ శైవలాలది (కంటికి ఆనని నాచు) గోధుమరంగు. క్రోమోప్రొటీన్లు కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుని ఊదా, గులాబీ, నీలం చూపిస్తాయి. ఇవి తెల్ల లైటులోనూ కనిపిస్తాయి. మూడోవి ఫ్లోరోసెంట్ ప్రొటీన్లు. 450 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి పడితే దాన్ని పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజగానో తిరిగి వెదజల్లుతాయి. ప్రయోగశాలల్లో ఎంతో వాడే డీఎస్‌రెడ్ అనే ఎర్ర ప్రొటీన్ ఈ డిస్కోసోమా నుంచే తీసింది, 1999లో దాన్ని వెల్లడించారు. మన హాల్లో మూల ఉన్న ఈ చిన్న జీవికి అంత చరిత్ర ఉందంటే నాకు ఇప్పటికీ ఆనందమే. అయితే నీలి లైటు మాత్రమే వేసి ఫొటో తీస్తే మూడోది తప్ప మిగతా రెండూ సరిగ్గా తెలియవు.

ఫోన్ చేసి, ట్యాంకు లైటులో నీలి భాగం తగ్గించి తెల్ల లైటులో వీడియో తీయమన్నాను. ఫిల్టర్ పెట్టకుండా, చెయ్యి కూడా కనపడేలా.

"వైట్‌లో పెడితే దాని అందం పోతుంది సార్," అన్నాడు.

"పోనీ బాబూ. ఆ అందం పోయాక ఏముందో చూసే కొంటాను."

మా ఊరి బట్టల మార్కెట్ వస్త్రలతలో చీర కొనేటప్పుడు ఆడవాళ్లు దాన్ని గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తారు కదా, నేనడిగిందీ అదే. పాపం, అతను విసుక్కోకుండా పంపాడు. ఇసుక తెల్లగా ఉంది, పక్కన పెట్టిన అతని వేళ్లు మామూలు చామనఛాయలో ఉన్నాయి. మష్రూమ్ ఇటుక ఎరుపు, నోటి చుట్టూ కాస్త గోధుమరంగు, అంచున సన్నటి పచ్చటి గీత. నారింజ ఎక్కడా లేదు. నాకు అదే నచ్చింది. జోవాల్లో ఒక రకానికి మాత్రం వీడియోలో నడిమి బిళ్ల వెలవెలబోయింది. దాన్ని తీసేయమన్నాను.

ఇంకొకతను పంపిన ఫొటోల్లో ఇసుక తెల్లగానే ఉంది, కానీ రాళ్ల మీది కోరలైన్ నాచు కళ్లు చెదిరే గులాబీలో ఉంది, పట్టుకున్న బొటనవేలు టమాటా రంగులో ఉంది. ఫోన్లో సాచురేషన్ (రంగుల గాఢత) పెంచాడన్నమాట. అతనే నిమ్మపండు పసుపు అనిమోన్ (పువ్వులా ఉండే సముద్రజీవి) ఒకటి చూపించాడు. పాదం నుంచి టెంటకిల్ (వేలులాంటి కొమ్మ) కొనదాకా ఎక్కడా తేడా లేకుండా ఒకే పసుపు. తెల్లబడిపోయిన అనిమోన్లకి ఇలా రంగెక్కించి అమ్మడం ఈ వ్యాపారంలో ఎప్పటినుంచో ఉంది. లోపలి శైవలాలు పోయాయి కాబట్టి అది ఆకలితో ఉంటుంది, రంగు వెలిసేలోపే చాలావరకు చనిపోతుంది. ప్రాణమున్నదాన్ని అలా చేయడం నాకు చాలా బాధేసింది. లేత పాస్టెల్ రంగుల్ని చూసినా ఇప్పుడు ముందు ఇదే అనుమానం వస్తుంది. ఎన్ని వారాలుగా ట్యాంకులో ఉంది, ఏం తింటోంది అని అడుగుతాను.

మన బెజవాడ ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో పార్సిల్ పెట్టుకోకూడదని చలికాలం దాకా ఆగాను. థర్మోకోల్ పెట్టె రాత్రి బస్సులో వచ్చింది. కవర్లు ట్యాంకు నీళ్లలో తేలేసి, ఆపైన చుక్కచుక్కగా నీళ్లు కలిపాను. జోవాంథస్‌లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అందుకే గ్లౌజులు, కళ్లజోడు లేకుండా ముట్టుకోను, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను.

మొదటి రోజు మష్రూమ్‌లు ముడుచుకుపోయి, మట్టిరంగులో ఉన్నాయి. ప్రయాణం చేసి వచ్చినదాని రంగు ఆ రోజు చూసి తీర్పు చెప్పకూడదు. మష్రూమ్‌లకి తక్కువ వెలుతురు చాలు కనుక అడుగున, రాయి నీడలో పెట్టాను. కొద్ది రోజులకి విచ్చుకున్నాయి. మధ్యాహ్నం తెల్ల లైటులో, ఆ వీడియో ఫోన్లో పెట్టి పక్కపక్కన చూశాను. అదే ఇటుక ఎరుపు, అదే పచ్చటి అంచు. రాత్రి తొమ్మిది దాటాక నీలి లైటు ఒక్కటే ఉన్నప్పుడు మొదటి ఫొటోలోని నారింజ వెలుగూ కనిపిస్తుంది.

జోవాల్లో ఒక గుత్తి మాత్రం కాస్త గోధుమరంగుకి తిరిగింది. నీళ్లలో నైట్రేట్ (మేత, వ్యర్థాల నుంచి వచ్చేది) పెరిగితే శైవలాలు ఎక్కువై అలా అవుతుంది, వెలుతురు చాలకపోయినా అవుతుంది. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ ఎక్కువే చూపించింది. మేత తగ్గించి నీళ్లు మారుస్తున్నాను. అప్పటికీ తేడా రాకపోతే గుత్తిని ఒక మెట్టు పైకి జరుపుతాను.