దుందుభి కాగితం: ఆ మూడో గీత నిలువా, అడ్డమా?

మళ్లీ ఓడిపోయాను. ఈ ఆదివారం పొద్దున ఆరింటి నుంచి భోజనాల వేళ దాకా, మా ఇంటి పాత భూమి కాగితంలో కొలత రాసిన చోట ఒక్క గీత మీదే కూర్చున్నాను.

ముందు మంచి కబురు. కాగితం మీది ‘దుందుభి’ (అరవై ఏళ్లకోసారి వచ్చే తెలుగు ఏడాది పేరు) 1802-03 అని తేలింది. టార్చి వెనక పెట్టి చూస్తే నీటిగుర్తులో 1799 అని ఉంది. 1862 దుందుభిలో అరవై మూడేళ్ల పాత కాగితం వెతికి ఎవరు రాస్తారు? పైగా శిస్తు లేని భూముల హక్కులు తేల్చడానికి ఈస్టిండియా కంపెనీ 31వ రెగ్యులేషన్ తెచ్చింది 1802లోనే. మావాళ్లు ఆ భయంతోనే రాయించి ఉంటారని నా అనుమానం.

ఇక ఓటమి సంగతి. ఇనాం (శిస్తు మినహాయింపు) భూముల హక్కులు తేల్చిన ఇనాం కమిషన్ వాళ్లు ఫసలీ 1272లో (1862-63) ఇచ్చిన టైటిల్ డీడ్‌లో మా భూమి 5 ఎకరాల 62 సెంట్లు. దుందుభి కాగితంలో అదే భూమి పుట్టి (పాత భూమి కొలత) భిన్నంలో ఉంది, అదీ గొలుసుకట్టులో (కలిపి రాసే పాత రాతలో). నిలువు గీతలు పావులు, తర్వాత అడ్డగీతలు వీసాలు (పదహారో వంతులు), మళ్లీ నిలువు వస్తే వీసంలో పావులు. మొదటి రెండు గీతలు స్పష్టంగా నిలువే: 4.1, 3.9 మిల్లీమీటర్లు, వాలు 78, 74 డిగ్రీలు. అంటే అర పుట్టి. దాని పక్కన 2.5 మిల్లీమీటర్ల పురుగు కన్నం. కన్నం దాటాక ఒంటరిగా 3.2 మిల్లీమీటర్ల గీత, వాలు సరిగ్గా 41 డిగ్రీలు! ఈ కరణంగారి అడ్డగీతలు మిగతా చోట్ల 15 డిగ్రీలు దాటలేదు, నిలువు గీతలు 65కి తగ్గలేదు. ఇదొక్కటే ఎటూ కాకుండా చచ్చింది.

అడ్డం అనుకుంటే ౺౼, అంటే 9/16 పుట్టి. పుట్టికి పది ఎకరాలైతే 5.625 ఎకరాలు. డీడ్‌కి సరిపోయింది. నిలువు అనుకుని, కన్నంలో మూడు అడ్డగీతలు పోయాయనుకుంటే ౺౾౹, అంటే 45/64. పుట్టికి ఎనిమిది ఎకరాల చొప్పున అదీ 5.625! క్యాలిక్యులేటర్ మీద మూడుసార్లు కొట్టాను. పెదనాన్నకి ఫోన్ చేస్తే, “ఒరేయ్, మనవైపు పుట్టంటే ఎనిమిదెకరాలేరా, ఇంకా అనుమానమేంటి?” అన్నారు. ఆయన లెక్క ఇప్పటిది. 1802లో ఊరికో పుట్టి.

కన్నం అంచున 0.4 మిల్లీమీటర్ల నల్లచుక్క ఉంది. అడ్డగీత తోక కావచ్చు, పురుగు రెట్టా కావచ్చు. 1200 డీపీఐలో స్కాన్ చేసి, జింప్‌లో (బొమ్మలు సవరించే సాఫ్ట్‌వేర్) నీలం ఛానల్ ఒక్కటే ఉంచి చూశాను, తేలలేదు. ఈ పనికి ఫోన్ స్కానర్ యాప్‌లు వద్దే వద్దు. నేను వాడినది (పేరెందుకులే) కాగితాన్ని తెల్లగా చేయబోయి ఆ చుక్కనే తుడిచేసింది. నా పాత కానన్ ఫ్లాట్‌బెడ్ నెమ్మదే కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. భిన్నాల గుర్తులు 2008 నుంచి యూనికోడ్‌లో ఉన్నాయి కాబట్టి నోట్సులో బొమ్మలు గీసే బాధ తప్పింది. ఫాంట్లలోనే ఇంకా సగం వాటిలో డబ్బాలు.

తేల్చే దారి ఒకటుంది. అదే కాగితంలో ఉత్తరం హద్దు భూమికి శుభ్రంగా ఒకే నిలువు గీత: పావు పుట్టి. ఇనాం రిజిస్టర్‌లో ఆ భూమి 2 ఎకరాలుంటే పెదనాన్న గెలిచినట్టు, రెండున్నర ఉంటే నేను. నకలు కోసం ఒకసారి అర్జీ పెడితే అదే పేరున్న వేరే ఊరి పేజీ ఇచ్చారు. ఈసారి తాలూకా పేరు ఎర్రసిరాతో రాసి పెట్టాను.

అది వచ్చేలోపు పాత వెబ్‌క్యామ్‌లో ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ పీకేసి ఆ చుక్కను చూడాలి. మసిసిరా అయితే నల్లగానే కనిపించాలి. మా తమ్ముడి దగ్గర ఒక పాత క్యామ్ ఉంది, అడిగితే ఇస్తాడు. పీకేస్తానని మాత్రం ఇంకా చెప్పలేదు.