కవర్లోంచి జారిపడింది

ఇవాళ బర్క్‌లీలో పాత రికార్డుల కొట్లో ఓ డబుల్ ఎల్పీ (రెండు రికార్డుల ఆల్బం) తిరగేస్తుంటే లోపల్నుంచి పుస్తకం జారి కాళ్ల మీద పడింది. ఆల్బం పేరు 'నాట్ సో క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్', 1982. పడిందేమో పంక్ అనే మొరటు రాక్ సంగీతపు పత్రిక 'మ్యాగ్జిమమ్ రాక్‌న్‌రోల్' మొదటి సంచిక!

అదే పేరుతో అంతకుముందు ఇదే ఊళ్లో రేడియో ప్రోగ్రాం ఉండేది. పత్రిక మాత్రం ఇలా రికార్డు కడుపులోంచి పుట్టింది.

ఆల్బంలో ఉత్తర కాలిఫోర్నియా, నెవాడాల నుంచి 47 పంక్ బ్యాండ్లు, తలా ఒక పాట. సగం పేర్లు నేనెప్పుడూ విన్లేదు. పత్రికలో అన్నీ కత్తిరించి అతికించిన పేజీలు. ఒకచోట అతుకు నీడ కూడా అచ్చయిపోయింది.

కాలేజీలో మేం తీసిన గోడపత్రిక గుర్తొచ్చింది, మైదా జిగురు వాసనతో సహా.

అక్కడే నిలబడి పది పేజీలు చదివా. ధర చూసి బుద్ధిగా మళ్లీ కవర్లో పెట్టేశా. కొట్టతను ఏమీ అనలేదు, పాపం.