తడి ఆరకముందే

నవ్వితే బుగ్గ చిట్లుతుందేమో అన్నంతగా ముఖం బిగుసుకుపోయిన రోజులవి. ముక్కు పక్కల పొట్టు లేచింది. గడ్డం చుట్టూ ఎర్రగా కందిపోయింది. మామూలు నీళ్లు తగిలినా భగ్గుమనేది. ఒక రాత్రి ఆ బాధకి ఏడుపొస్తే, కన్నీళ్లు జారిన చోటల్లా ఇంకా మండింది.

మొటిమల మచ్చలు త్వరగా పోవాలని ఒక రాత్రి రెటినాల్ అనే విటమిన్ ఎ రకం క్రీమ్, మర్నాడు రాత్రి చర్మం పైన ఉన్న మృతకణాల్ని ఊడగొట్టే గ్లైకాలిక్ యాసిడ్, రెండు పూటలా బాగా నురగొచ్చే ఫేస్‌వాష్ వాడాను. ఆరు వారాలు అలాగే గడిచాయి. చర్మం పొడిబారుతోందని, తేమను పట్టి ఉంచే హైలురానిక్ యాసిడ్ సీరం కూడా మొదలుపెట్టాను. ముఖాన్ని తువ్వాలుతో బాగా తుడుచుకుని, ఏసీ గదిలో కూర్చుని రాసుకునేదాన్ని. ఐదు నిమిషాలు హాయిగా ఉండేది. అరగంటకల్లా మళ్లీ బిగుతు, ముందుకన్నా ఎక్కువగా. చాలలేదేమోనని ఇంకో రెండు చుక్కలు రాసేదాన్ని.

చర్మ డాక్టరు గారు నేను వాడినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పించుకున్నారు. ఇరిటెంట్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అన్నారు. అంటే అలర్జీ కాదు, ఘాటైనవి పదేపదే తగిలి చర్మం పైపొర దెబ్బతినడం. ఆ పొరలో కణాల మధ్య సిరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు ఉండి లోపలి తేమను ఆపుతాయట. నా ముఖంలో ఆ అడ్డు పలచబడిపోయింది.

"హైలురానిక్ యాసిడ్ రాస్తూనే ఉన్నాను కదండీ?" అని అడిగాను.

"అది నీటిని పట్టుకుంటుందమ్మా, పుట్టించదు. పట్టుకున్నది ఆవిరైపోకుండా పైన మూత పెట్టాల్సింది మీరే."

నేను చేసిన పొరపాటు అప్పుడు అర్థమైంది. పొడి ముఖం, పొడి గాలి. ఆ సీరానికి అందడానికి నీళ్లేవి? చర్మంలో ఉన్న కాస్త తేమా పైకొచ్చి ఆరిపోయేది.

ఆ తర్వాత హైలురానిక్ యాసిడ్ గురించి ఆత్రంగా చదివాను. అదొక పొడవాటి చక్కెర గొలుసు. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని ఆవు కంటిలోని జెల్లీ లాంటి ద్రవం నుంచి వేరు చేశారు. మన ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు సగం చర్మంలోనే ఉంటుంది. అయితే మనం పైన రాసేది ఆ లోపలి లోటును నింపదు. పెద్ద అణువులు పైపొర మీదే పలుచగా పరుచుకుని తేమను పట్టుకుంటాయి, చిన్నవి ఇంకొంచెం లోపలికి వెళ్తాయి. సీసా మీద సోడియం హైలురొనేట్ అని ఉండేది దాని లవణ రూపమే. ఇంత చిన్న సీసా మీద 'తడి ముఖానికే రాయండి' అన్న ఒక్క ముక్క పెద్ద అక్షరాల్లో వేస్తే ఎంత బాగుంటుందో!

డాక్టరు గారు మొదట అన్నీ ఆపేయించారు, సీరం సహా. తక్కువ ఘాటున్న స్టెరాయిడ్ క్రీమ్ పలుచగా ఐదు రోజులే. రాత్రి నురగ లేని క్లెన్సర్, పొద్దున ఉత్త గోరువెచ్చని నీళ్లు. సిరమైడ్లున్న మాయిశ్చరైజర్, ముక్కు పక్కల పెట్రోలియం జెల్లీ. నాలుగో రోజుకి మంట తగ్గింది. పొట్టు రాలడం ఆగేసరికి మూడో వారం వచ్చింది.

అప్పుడే సీరం మళ్లీ మొదలుపెట్టాను. ముఖం కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అరచేతులతో నీళ్లు వత్తేసి, చర్మం ఇంకా మెరుస్తూ ఉండగానే రెండు చుక్కలు రాసేదాన్ని. వేళ్లకి జిగురు తగిలే ఆ కాసేపట్లోనే, ఆరనివ్వకుండా, మాయిశ్చరైజర్. అదే సీసా, అవే రెండు చుక్కలు. ఈసారి బిగుతు రాలేదు.

ఏడో వారంలో ఒక ఉదయం ముఖం కడుక్కుంటుండగా ఫోనొచ్చింది. మాటల్లో పడిపోయాను. పావుగంట తర్వాత చెంప తడుముకుంటే గుర్తొచ్చింది, ఇంకా ఏమీ రాసుకోలేదని. చెంప మెత్తగానే ఉంది.