పలకలు ఎవరి ఎత్తులో పెట్టాలి

ఆదివారం. బురదలో దిగబడితే బయటపడే సామాను మా జిప్సీ జీపుకు బిగిద్దామని పొద్దున ఎనిమిదికే సెల్లార్‌లో డ్రిల్లు తిప్పడం మొదలుపెట్టాను. రెండో అంతస్తు ఆంటీ లిఫ్ట్ దగ్గర నిలబడి ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆ చూపు చాలు.

పోయిన ఆగస్టులో తాండూరు దాటాక కంది చేల మధ్య బాటలో మా పాత జిప్సీ దిగబడింది. రాత్రంతా వాన. నల్లరేగడి ఎండలో రాయిలా ఉంటుంది, తడిస్తే జిగట ముద్ద. టైరు గాడుల్లో ఆ ముద్ద నిండిపోయి చక్రాలు నున్నటి డ్రమ్ముల్లా తిరిగాయి. ఫోర్ వీల్ వేసి, లో గేరులో పెట్టినా బండి కిందికే పోయింది. మా దగ్గర సామాను లేక కాదు. పార టెంటు కింద, టెంటు నీళ్ల క్యాన్ల కింద. తాడును బండికి కలిపే ఇనుప కొండి, షాకిల్, ఏ సంచిలో పెట్టానో గుర్తు రాలేదు. మడత పార ఒకటి చేతికి దొరికింది గానీ రేగడిలో నాలుగు పోట్లకే వంగిపోయింది. (అది బొమ్మ. కొనకండి.)

చివరికి ఒక రైతు ట్రాక్టరు తెచ్చి లాగాడు. హడావుడిలో తాడు బంపర్‌కే కట్టేశాం. బండి బయటికొచ్చింది, దాంతో పాటు బంపర్ కూడా ఓ బెత్తెడు ముందుకొచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "నేల సంగతి తెల్వకుంట ఎందుకొచ్చిండ్రు సారూ" అని మాత్రం అన్నాడు.

ఆ బంపర్ ఊడి ఉంటే ఏమయ్యేదో తర్వాత తెలిసింది. లాగే తాడుకు సాగే గుణముంటే, ముఖ్యంగా నైలాన్‌ది, అది రబ్బరులా సాగి బలాన్నంతా దాచుకుంటుంది. కొస ఊడితే దానికి కట్టిన ఇనుము తుపాకీ గుండులా ఎగిరి లాగుతున్నవాడి మీదికే పోతుంది. అందుకే ఇవాళ మొదటి పని కొక్కెం. బంపర్‌కి కాదు, ఛాసిస్‌కి. వెనక మందపాటి ప్లేటు వేసి, తల మీద 8.8 అని గట్టితనం గుర్తు ఉన్న బోల్టులతో బిగించాను. రాణీగంజ్‌లో తెచ్చిన ముప్పావు అంగుళం షాకిల్ మీద 4.75 టన్నులని అచ్చు ఉంది. బండి చూస్తే టన్ను బరువే. కానీ బురద పట్టుకుని లాగుతున్నప్పుడు లెక్క వేరు.

పెద్ద జాకీని మాత్రం బండికి బిగించకుండా ఇంట్లోనే వదిలేశాను. పదమూడు కిలోల దాకా ఉంటుంది, టాప్ మీద పెడితే బండి ఊగుతుంది. పైగా దాని పిడి జారి దవడకు తగిలితే అంతే. పాత బాటిల్ జాకీ, దాని కింద వేయడానికి ఒక టేకు చెక్క చాలు. చెక్క లేకపోతే మెత్తటి నేలలో బండి లేవదు, జాకీయే దిగుతుంది.

అసలు గొడవ పలకలతో వచ్చింది. బురదలో పట్టు దొరకడానికి చక్రం కింద పెట్టే పళ్ల ప్లాస్టిక్ పలకలు రెండు. వెనక డోరుకు ఇప్పటికే స్పేర్ టైరు వేలాడుతోంది, బందులు వంగుతున్నాయి. అందుకని క్యారియర్ పక్కన నిలువుగా పెట్టాలనుకున్నాను. బాలానగర్‌లో యాంగిల్ ముక్కలు కోయించి, వెల్డింగ్ చేయించి తెచ్చాను. లొటలొటలాడకుండా లారీ ట్యూబు ముక్కలు వేశాను. కుదుపులకు వదులవని నైలాక్ నట్లు బిగించాను. మధ్యాహ్నం రెండింటికి వెనక్కి జరిగి చూస్తే ముచ్చటగా ఉంది.

టీ పట్టుకుని మా ఆవిడ కిందికొచ్చింది. రెండు నిమిషాలు చూసింది.

"ఏమండీ, మళ్లీ దిగబడితే స్టీరింగ్ దగ్గర ఎవరుంటారు?"

"నేనే."

"మరి ఇవి తీసి చక్రం కింద పెట్టేదెవరు?"

గ్లాసు బానెట్ మీద పెట్టి చెయ్యి చాపింది. కింది నట్టు అందింది. పై నట్టు జానెడు దూరంలో ఉండిపోయింది. "అందినా స్పానర్ కావాలి కదా, అదెక్కడుందో నాకేం తెలుసు, టెంటు కిందే కదా" అంది. నాకు కోపం వచ్చింది. ఆవిడ చెప్పింది తప్పయితే వచ్చే కోపం కాదు అది.

మళ్లీ విప్పాను. బ్రాకెట్ అడుగు కిందికి దించాను, అంటే నాలుగు కొత్త రంధ్రాలు. నైలాక్ నట్లు తీసేసి, చేత్తో తిప్పే వింగ్ నట్లు వేశాను. వాచ్‌మన్ అన్న వచ్చి "గిట్లయితే ఎవడన్న ఊడవీక్కపోతడు సారూ" అన్నాడు. నిజమే. ఊళ్లో ఉన్నప్పుడు పలకలు ఇంట్లో పెట్టుకోవాలి. తాళం వేస్తే బురద పట్టిన తాళంతో కుస్తీ పట్టలేను.

షాకిళ్లు, తాడు, చేతి తొడుగులు ఒకే సంచిలో డ్రైవరు సీటు వెనక కట్టాను. పొడుగు పార పలకల పక్కనే. సాయంత్రం ఆవిడను పిలిచి మళ్లీ తీయమన్నాను. తొడుగులతోనే నట్లు తిప్పి, రెండు పలకలూ తీసి ముందు చక్రాల దగ్గర పడేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పై రంధ్రాలు నాలుగూ అలాగే ఉన్నాయి. రేపు ఆఫీసుకు వెళ్లే ముందు ప్రైమర్ పూయాలి, లేకపోతే ఈ వానలకు తుప్పు పడుతుంది.