పచ్చిక దాకా

2025 జనవరిలో పుణెలో జీబీఎస్ కేసులు అని టీవీల్లో మొదలయ్యాక మా ఇంట్లో ఫోన్ ఆగలేదు, "నీకొచ్చింది అదేగా" అని అడిగేవాళ్లే అందరూ. అదే. గులియన్ బారే సిండ్రోమ్. రెండేళ్ల ముందు నాకు వచ్చినప్పుడు ఆ పేరు సరిగ్గా పలకడానికే మా ఇంట్లో వారం పట్టింది, మా అమ్మ ఇప్పటికీ "ఆ నరాల జబ్బు" అనే అంటది. దేవుడి దయ వల్ల బాగున్నా అని అందరికీ ఒకటే ముక్క చెప్పి పెట్టేశా. మా చర్చి గుళ్లో సాక్ష్యం చెప్పమన్నప్పుడు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పమన్నప్పుడు కూడా మైకు ముందు ఆ ముక్కే చెప్పి కూర్చున్నా. మిగతాది ఇక్కడ రాస్తున్నా, కొంచెం కోపం కూడా ఉంటది, ఏమీ అనుకోకండి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాని. ఫిబ్రవరి, మార్చి అంటే మాకు పండగా అదే, నరకమూ అదే, మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగుతూనే ఉంటయ్, ఆ ఘాటుకి తుమ్ముతూనే లెక్కలు రాస్తాం. 2023లో శ్రమకాలం, అదే ఈస్టరు ముందు మేం ఉపవాసం ఉండే నలభై రోజులు, ఫిబ్రవరి 22న మొదలైంది. నిజం చెప్పాలంటే అప్పటికి నా భక్తి ఆదివారం ఇస్త్రీ చొక్కా లాంటిది, పాస్టరు అయ్యగారు ప్రసంగం చెప్తుంటే నా బుర్రలో తేజ రకం మిర్చి రేటు ఎంత పలికింది అని తిరిగేది. ఈసారన్నా మారదాం అని నలభై రోజులూ మధ్యాహ్నం భోజనం మానేసి ప్రార్థన చేస్తా అని మా ఆవిడ ముందు గట్టిగా చెప్పా. మూడో రోజే యార్డు బయట బండి మీద పునుగులు తిన్నా, ఇంట్లో చెప్పలా. ఆ పునుగులో, ఆ నీళ్లో, ఏదో తెలీదు గానీ నాలుగు రోజులు విరేచనాలు. తగ్గినయ్. మర్చిపోయా.

మార్చి 8న రెండు అరికాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్తే ఆయన నా కాలు కూడా ముట్టుకోలా, "ఎండల్లో తిరుగుతున్నావుగా, బీ12 తక్కువ, ఊరికే భయపడమాక" అని ఒక ఇంజెక్షన్ పొడిచి పంపించాడు. మర్నాడు మెట్లు ఎక్కలేకపోయా. ఆ మర్నాడు కుర్చీలోంచి లేవలేకపోయా. శనివారం మా బావ ఎత్తుకుని కార్లో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ న్యూరాలజీ డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశాడు, కాలు కదల్లా, రెండోది కొట్టాడు, అదీ కదల్లా, ఆయన మొహంలో రంగు మారింది. తర్వాత వెన్నులో నీళ్లు తీయడాలు, నరాలకి కరెంటు పెట్టి చూడడాలు, అవన్నీ రాయను, అందరికీ ఒకేలా ఉంటయ్. కడుపులో దూరిన క్రిమి మీదికి యుద్ధానికి బయల్దేరిన మన రోగనిరోధక శక్తే దారితప్పి సొంత నరాల మీద పడుద్దంట. కాళ్ల దగ్గర మొదలై పైకి ఎక్కుద్ది. ఊపిరి తీసే కండరాల దాకా ఎక్కిందా, ఇక వెంటిలేటరే. ఐవీఐజీ అనే మందు అయిదు రోజులు ఎక్కించాలి, నా బరువుకి రోజుకి అయిదు గ్రాముల సీసాలు ఆరు. ముప్ఫై సీసాల బిల్లుకి మా ఆవిడ గాజులు, మా అమ్మ గొలుసు పోయినయ్. ఆ మందు వేలమంది ఇచ్చిన ప్లాస్మా లోంచి తీస్తారని తర్వాత తెలిసింది. ఏ కులం వాళ్లదో, ఏ మతం వాళ్లదో, ఇప్పుడు వాళ్లందరూ నాలో ఉన్నారు.

అసలు చెప్పాల్సింది ఆదివారం రాత్రి సంగతి.

ఐసీయూలో రెండు గంటలకోసారి సిస్టరు వచ్చి "గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండి" అనేది. ఎంతవరకు లెక్కపెడితే ఛాతీలో అంత బలం ఉన్నట్టు. వచ్చిన రోజు 26. ఆ రాత్రి పదింటికి 19. పన్నెండింటికి 15. రెండింటికి 12. యార్డులో రేటు పడిపోతుంటే చూసినోడిని నేను, ఆ లెక్క ఎటు పోతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లా. కర్టెన్ అవతల డ్యూటీ డాక్టరు మా బావతో అంటున్నాడు, "ట్యూబు రెడీగా పెట్టుకున్నాం, తెల్లారేలోపు వెయ్యాల్సి రావచ్చు, సంతకం పెట్టండి". మెల్లగానే అన్నాడు. కానీ చెవులకి జబ్బు రాలేదుగా.

ప్రార్థన చేద్దామని చూశా. మాట రాలా. ప్రభువా అని మొదలుపెడితే ఆ తర్వాత ఏం అడగాలో తెలీదు, మా పాప పదో తరగతి, మా అమ్మ బీపీ, కొట్లో నేను పూర్తి చెయ్యని జమాఖర్చు, అన్నీ ఒకేసారి మీదపడుతున్నయ్. చిన్నప్పుడు ఆదివారం బడిలో బట్టీపట్టిన 23వ కీర్తన ఒకటే నోటికి వచ్చింది. యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు, పచ్చికగల చోట్ల... అక్కడ ఊపిరి అయిపోయింది. మళ్లీ మొదలుపెట్టా. మళ్లీ పచ్చిక దగ్గరే ఆగిపోయా.

నైట్ డ్యూటీ సిస్టరు పల్నాడు వైపు అమ్మాయి, మాట తీరులోనే తెలిసిపోద్ది, నుదుటన ఇంత కుంకుమ బొట్టు. "ఏందన్నా గొణుగుతున్నావు?" అంది. చెప్పా. "అయితే మధ్యమధ్యలో అదే చెప్పు, ఎక్కడిదాకా వస్తదో నేను కూడా చూస్తా" అని స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుగింటికి 12. పచ్చిక దాకా. ఆరింటికి 12. పచ్చిక దాకా. తెల్లారింది, ట్యూబు వెయ్యలా. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వస్తే ఆ అమ్మాయి ఫైలు చూపించి "తగ్గడం ఆగింది సార్" అంది, వెళ్లిపోతూ నా దగ్గరికి వచ్చి "పచ్చిక వదల్లేదన్నా నువ్వు" అని నవ్వింది. ఏ వెలుగూ కనపడలా నాకు, ఏ స్వరమూ వినపడలా. 12 దగ్గర ఆగింది, అంతే. అయినా ఆ "పరుండజేయుచున్నాడు" అనే మాట తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది, కాళ్లూ చేతులూ కదలకుండా నిజంగానే పడుకోబెట్టేశాడు కదా మహానుభావుడు.

రూముకి మార్చాక చూడ్డానికి జనం. మా గుడి పెద్ద ఒకాయన, పండ్లు కూడా తెచ్చాడు పాపం, మంచం పక్కన నిలబడి మా అమ్మ వింటుండగా "తమ్ముడూ, ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో, ఊరికే రావుగా ఇట్టాంటియ్యి" అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు. ఆ మాట మటుకు రూములోనే ఉండిపోయింది. నవ్వకండి, ఆ రాత్రంతా నేను పునుగుల గురించే ఆలోచించా. దేవుడికి మాటిచ్చి తప్పా, అవే పునుగులతో కొట్టాడు అని లెక్క సరిపోయింది కూడా. మా అమ్మయితే తన వయసులో చేసిన తప్పులన్నీ తవ్వుకుంటా మూడు రోజులు అన్నం సరిగ్గా తినలా. బైబిల్లో యోహాను సువార్త 9లో యేసుని శిష్యులు అడిగింది అచ్చం ఈ ప్రశ్నేగా, వీడు గుడ్డివాడిగా పుట్టడానికి వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లా అని. వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. ఆ పెద్దాయన ఆ అధ్యాయం మీద నాకు తెలిసి రెండుసార్లు వాక్యం చెప్పాడు. ఇప్పటికీ ఆదివారం ఎదురుపడితే వందనాలు చెప్తా, క్షమించానా అంటే, కొన్ని ఆదివారాలు క్షమిస్తా.

ఇంకొకాయన ఫోన్లో మా ఆవిడకి "సీసాలు ఆపేసి నూనె రాయండి సిస్టర్, అదీ విశ్వాసం అంటే" అన్నాడు. మా ఆవిడ మామూలుగా నోరెత్తదు. ఆ రోజు "మీ కంట్లో శుక్లాలు ఏ నూనెతో పోయినయ్ అయ్యగారూ" అని అడిగి ఫోన్ పెట్టేసింది. నేను నూనెని ఎగతాళి చెయ్యట్లా, రోగికి నూనె రాసి ప్రార్థన చెయ్యమని బైబిల్లో యాకోబు పత్రికలో ఉన్నదే, మా సొంత అయ్యగారు కూడా రాశారు, మందు ఎక్కుతుండగానే రాశారు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకి దేవుడు ఆయుష్షు పెంచినప్పుడు కూడా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వెయ్యమన్నాడు యెషయా ప్రవక్త. సువార్త రాసిన లూకా వైద్యుడే. అంతెందుకు, ఇది గుంటూరు. 1842లో మిషనరీ హయర్ దొర సువార్త తెస్తే 1883లో అన్నా కుగ్లర్ డాక్టరమ్మ స్టెతస్కోపు తెచ్చింది, 1898లో ఆమె తెరిచిన ఆసుపత్రిలోనే మా అమ్మ పుట్టింది. మా అయ్యగారు అయితే వచ్చినప్పుడల్లా రెండు వచనాలు చదివి, కుర్చీ లాక్కుని, మాట్లాడకుండా నా పాదాలు ఒత్తుతా కూర్చునేవాడు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు నోరు మూసుకునే కూర్చున్నారు, నీ పాపమే అని మొదలుపెట్టకుండా అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది.

మార్చి 29న ఇంటికి. ఏప్రిల్ 9 ఈస్టరు, తెల్లవారుజామున అందరూ సమాధుల తోటకి వెళ్తుంటే నేను వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నా, వాళ్లు తిరిగొచ్చేసరికి నాలుగు పెట్టా. అసలు చీకటి అప్పుడు పట్టింది నాకు. ప్రాణం దక్కింది సరే, ఈ బతుకు ఎందుకు అని. బైబిలు తెరవబుద్ధి కాలా. కోపం, దేవుడి మీదే. ఒక రోజు మా ఆవిడ జావ తాగిస్తా 1 రాజులు 19 చదివింది, ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి ఇక చాలు నా ప్రాణం తీసుకో అంటాడే, అది. దేవదూత వచ్చి తిట్టలా, విశ్వాసం ఏమైందని అడగలా. తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఆ తిండి బలంతో నలభై రోజులు నడిచాడంట. నేనేమో తిండి మానేసి నలభై రోజులు నడుద్దామనుకున్నా! గిన్నె పట్టుకుని ఏడ్చేశా, మా ఆవిడ జావ వేడిగా ఉందేమో అనుకుంది.

అప్పట్నుంచి పెద్ద పెద్ద తీర్మానాలు మానేశా. పొద్దున అయిదున్నరకి ఫిజియోథెరపీ చేసేటప్పుడు ఒక్క వచనం, పాదం పైకి కిందికి ఇరవై సార్లు, అదే వచనం. కొన్ని రోజులు అది కూడా పొడిపొడిగా ఉంటది, అయినా మానను. మే నెలకి వాకరు, ఆగస్టుకి చేతికర్ర, దసరాకి కొట్టుకి. అరికాళ్లలో తిమ్మిరి మిగిలే ఉంది, సాయంత్రానికి ఒళ్లు చచ్చుబడినట్టు అయిపోద్ది.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా విరేచనాలో జ్వరమో తగ్గిన ఒకటి రెండు వారాల్లో రెండు కాళ్లూ తిమ్మిరెక్కి బలం తగ్గుతా పైకి పాకుతుంటే బీ12 ఇంజెక్షన్లతో రోజులు గడపకండి, ఆ రోజే న్యూరాలజీ డాక్టరు, ఐసీయూ ఉన్నచోటికి వెళ్లండి. స్టెరాయిడ్లు దీనికి పనిచెయ్యవు. మంచం పక్కకి వెళ్తే పాపం సంగతి ఎత్తకండి, పాదాలు ఒత్తండి చాలు.

నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీద మా పాప అడిగింది, ఇప్పుడు ఒక్క ఊపిరికి ఎక్కడిదాకా వస్తది నాన్నా అని. పచ్చిక దాటా, జలాలు దాటా, నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు దాటా, నీతిమార్గాలూ అయినయ్, సరిగ్గా గాఢాంధకారపు లోయలో అడుగుపెట్టగానే ఊపిరి అయిపోయింది. "అక్కడ ఆగావేందయ్యా" అని మా ఆవిడ వీపు మీద ఒక్కటేసింది. ఇంకో ఊపిరి తీసుకుని మిగతాది ముగ్గురం కలిసి చెప్పాం.