ఎడారి గులాబీకి కార్తెల లెక్క

ఇవాళ పొద్దున్నే డాబా మీదున్న ఆరు అడీనియం (ఎడారి గులాబీ) కుండీల్నీ ఒక్కొక్కటిగా మోసుకొచ్చి బాల్కనీలో సన్‌షేడ్ కింద పెట్టేశాను. చిత్త కార్తె వచ్చేసింది, ఇంకో రెండు వారాల్లో స్వాతి. చెన్నైలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడుతుంది. నా మొక్కలు చచ్చిపోయింది ఎప్పుడూ ఈ మూడు నెలల్లోనే. మే నెల ఎండకి ఇంతవరకూ ఒక్కటీ పోలేదు.

ఎడారి గులాబీ ఫోటోలు చూసినవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే, ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి అని. రోజుల్లో జవాబు చెప్పడానికి నాకు మనసొప్పదు, అలాంటి జవాబునే నమ్మి మొదటి మొక్కని పోగొట్టుకున్నాను కాబట్టి. 2018లో వేళచ్చేరికి మారిన కొత్తలో రోడ్డు పక్క నర్సరీలో కొన్నాను దాన్ని. నర్సరీ అతను నా అరవం రెండు ముక్కలు వినగానే తెలుగులోకి వచ్చేశాడు, వాళ్లది గోదావరి పక్క కడియం ఊరట. "ఇది ఎడారి మొక్కమ్మా, వారానికో గ్లాసుడు నీళ్లు చాలు" అన్నాడు. నేను అక్షరాలా అలాగే చేశాను. మే వచ్చేసరికి ఆ గ్లాసుడు నీళ్లు పైన అంగుళం మట్టిని తడిపి ఆవిరైపోయేవి, అడుగున వేళ్లదాకా దిగేవే కావు. ఆకులు రాలాయి, దుంప (మట్టి పైన లావుగా ఉబ్బి ఉండే మొదలు) ముడతలు పడింది. అయినా తట్టుకుని, జూలైలో నాలుగు వానలు పడగానే మళ్లీ చిగురించి పూసింది కూడా.

కార్తీకమాసానికి చీరాల నుంచి అమ్మ వచ్చింది. పొద్దున్నే తులసికోటకి చెంబుతో నీళ్లు పోసి, ఆ చేత్తోనే దీనికీ ఒక చెంబు పోసేది. వద్దమ్మా అంటే "నోరులేనిది, దాహం వేస్తే అడుగుతుందా? నువ్వు అలా ఎండబెట్టి ఎలా చూస్తావే?" అనేది. అప్పుడే రోజు విడిచి రోజు వానలు కూడా. డిసెంబర్ మొదట్లో దుంపని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. అమ్మ ఆ రోజు చాలా బాధపడింది. తప్పు అమ్మది కాదు, వారానికో గ్లాసు లెక్క చెప్పినతనిదీ పూర్తిగా కాదు. ఏడాది పొడుగునా ఒకే లెక్క ఉంటుందని నేను అనుకోవడంలోనే ఉంది.

ఈ మొక్కది అరేబియా దక్షిణ భాగం, ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువనున్న సాహెల్ ప్రాంతం, తూర్పు ఆఫ్రికా దేశాలు. ఎడారి అనగానే నీళ్లే తగలని చోటు అనుకుంటాం కానీ, ఒమన్‌లో ధోఫార్ కొండలున్నాయి చూడండి, అక్కడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన నైరుతి రుతుపవనాలే తగిలి కొండలు పచ్చబడతాయి. ఆ కాలాన్ని అక్కడివాళ్లు ఖరీఫ్ అంటారు. మా తాతయ్య నోట్లో ఎప్పుడూ ఆడే మాటే, అరబ్బీ నుంచి మన పొలాల దాకా వచ్చింది. అంటే ఇది నీళ్లు అక్కర్లేని మొక్క కాదు. వెచ్చగా ఉన్నప్పుడు తాగి, దుంపలో దాచుకుని, మిగతా కాలం ఆ దాచుకున్నదాని మీద బతికే మొక్క. చెన్నైలో చిక్కల్లా ఏంటంటే, మబ్బు పట్టి మొక్క నెమ్మదించిన కాలంలోనే ఇక్కడ కుండపోతగా పడుతుంది. ఎండ లేదు, ఆకులు తాగవు, మట్టిలో గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్లు నిలుస్తాయి, ఊపిరాడని వేళ్లకి బూజు పడుతుంది.

అమ్మకి దీని పువ్వు చూడగానే "ఇది గన్నేరు చుట్టమేనే" అనిపించిందట. నిజమే. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు పీటర్ ఫోర్స్కాల్ కూడా దీన్ని గన్నేరు జాతిలోనే కలిపాడు. ఆయన 1763లో యెమెన్‌లోనే మలేరియాతో చనిపోయాడు, రాసిపెట్టుకున్నవి 1775లో పుస్తకంగా వచ్చాయి. 1819లో దీన్ని వేరే జాతిగా విడదీసి అడీనియం అన్నారు, యెమెన్‌లోని ఏడెన్ ఊరి పేరు మీద. గన్నేరు లాగే దీని రసమూ విషమే, ఆఫ్రికాలో బాణాల మొనలకి పూసేవారు. కొమ్మలు కోసేటప్పుడు నేను గ్లవ్స్ వేసుకుంటాను, చిన్నపిల్లలున్న ఇంట్లో కుండీ ఎత్తులో పెట్టండి.

ఇప్పుడు నేను చూసేది రెండే. ఒకటి కుండీ బరువు. నీళ్లు పోసిన రోజు ఒకసారి ఎత్తి చూసుకుంటే, ఎండిపోయినప్పుడు తేడా చేతికే తెలిసిపోతుంది. రెండోది కొబ్బరి ఈనె. ఇది అమ్మ చెప్పింది, ఇడ్లీ ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూసినట్టే. కుండీ అంచు దగ్గర ఈనెని అడుగుదాకా దింపి ఐదు నిమిషాలాగి తీస్తే, మట్టి అంటుకుని వస్తే పోయకూడదు, శుభ్రంగా పొడిగా వస్తే పోయొచ్చు. పోసినప్పుడు మాత్రం గ్లాసు లెక్క కాదు, అడుగు చిల్లుల్లోంచి నీళ్లు బయటికొచ్చేదాకా పోయాలి. కింద ప్లేటులో నిలిచినవి పారబోయాలి.

ఆ లెక్కన కృత్తిక, రోహిణి కార్తెల్లో, డాబా గచ్చు మీద కాలు పెట్టలేని రోజుల్లో, నా పదంగుళాల మట్టి కుండీలకి రోజు విడిచి రోజు పోస్తాను. ప్లాస్టిక్ కుండీ అయితే మూడో రోజుకి. రోళ్లు పగిలే ఎండలో ఈ మొక్క ఎంత హాయిగా ఉంటుందో చూడాలి, ఒక్కో కొమ్మకి గుత్తులు గుత్తులు పువ్వులు. 2019 జూన్‌లో చెరువులన్నీ ఎండిపోయి ఇక్కడ లారీ నీళ్ల కోసం జనం రాత్రుళ్లు లైన్లో నిలబడ్డప్పుడు, మొక్కలకి నీళ్లెక్కడివి? ఏసీ పైపు కింద బకెట్ పెట్టడం అప్పుడే అలవాటైంది. ఆ నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, ఇప్పటికీ వేసవిలో అవే పోస్తున్నాను. ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. మా బోరు నీళ్లకే కుండీ బయట తెల్లగా పేరుకుంటుంది, ఇక అవి చెప్పాలా.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా పెద్దగా చెప్పడానికి లేదు. సాయంత్రం ఉరుముల వాన పడితే వదిలేస్తాను, పడకపోతే ఈనె చూసుకుని వారానికి రెండుసార్లు.

2023 డిసెంబర్ సంగతి చెప్పాలి. మిచాంగ్ తుఫాను. 3, 4 తేదీల్లో ఆగకుండా కురిసింది, మా వీధిలో నడుము లోతు నీళ్లు, కరెంటు లేదు. అప్పట్లో కుండీలు డాబా మీదే ఉండేవి, నీళ్లు పోయే తూము ఆకులతో పూడిపోయి మూడు రోజులు అవి నీళ్లలోనే కూర్చున్నాయి. 5వ తేదీన ఆ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే మా అమ్మా నాన్నల నెత్తి మీదే. ఫోన్లు కలవక నాకు మొక్కలు గుర్తుకే రాలేదు. క్రిస్మస్ ముందు చూస్తే ఐదింట్లో మూడింటికి ఆకులు పసుపు రంగుకి తిరిగి ఉన్నాయి, మట్టి తడిగా ఉండగానే. అది దాహం కాదు. దాహం వేసిన దుంప మొత్తం సమంగా మెత్తబడి ముడతలు పడుతుంది, కుళ్లింది మాత్రం ఒకచోట మెత్తగా, నల్లగా, వాసనతో ఉంటుంది. ఆ మూడింటినీ పెకలించి, వేళ్లు కడిగి, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కోసుకుంటూ పోయాను, లోపల తెల్లగా శుభ్రంగా కనిపించేదాకా. గోధుమరంగు చుక్క ఒక్కటి మిగిలినా మళ్లీ పాకుతుంది. ఫంగిసైడ్ పొడి అద్ది, నీడలో గాలి తగిలేలా ఎనిమిది రోజులు ఆరబెట్టాను. తర్వాత ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కొంచెం ఆకు ఎరువు కలిపి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అస్సలు లేకుండా, పొడి మట్టిలో నాటాను. ఇంకో పది రోజులు చుక్క నీళ్లు పోయలేదు. ఒకటే బతికింది. సగం దుంపతో, ఒక పక్క గాటుతో ఉన్న మొక్క అదే, ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ పూసిందీ అదే.

అప్పటినుంచి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈ వానల్లో పదిహేను, ఇరవై రోజులకి ఒకసారి, ఒక్కోసారి నెలంతా ఏమీ లేదు. జనవరిలో ఆకులు కొన్ని రాలతాయి, వీడియో కాల్‌లో అమ్మ "చచ్చిపోయిందేమో చూడవే" అని టెన్షన్ పడుతుంది. దుంప గట్టిగా ఉంటే ఏమీ కాలేదన్నమాట. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక కొమ్మలు కత్తిరించి, మట్టి మార్చి, చిగుర్లు కనబడ్డాక నీళ్లు కొంచెం కొంచెంగా పెంచుతాను.

ఇందాక అమ్మ ఫోన్ చేసింది, వచ్చే నెల్లో వస్తానంది. కుండీలు కిందికి దించావా, ఈనె పెట్టి చూశావా అని తనే అడిగింది. చూశాను. గాటు పడినదాని ఈనెకి ఇంకా మట్టి అంటుకునే వచ్చింది, శుక్రవారం మళ్లీ చూస్తాను.