అరలో ఉండిపోయిన కిట్

ఒకరోజు పొద్దున్నే ఫోన్ మీద బొటనవేలు ఆనిస్తే తెరుచుకోలేదు. వేలు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. ఊహూఁ. ఫోన్ పాడైందనుకున్నాను కానీ, వెలుతురులోకి వెళ్ళి చూసుకుంటే నా వేళ్ళ చివర్లు ఎర్రగా, నున్నగా మెరుస్తున్నాయి. గీతలు లేవు. నేను వేసుకునే కాపెసిటబిన్ అనే కీమో మాత్ర అరచేతుల్నీ అరికాళ్ళనీ అలా చేస్తుంది. చర్మం కంది, పొరలు లేచి, కొందరికి వేలిముద్రలు కూడా అరిగిపోతాయి. డాక్టర్ గారితో చెబితే, "నంబర్ లాక్ పెట్టుకోండమ్మా" అన్నారు. అంత చిన్న పరిష్కారం విని చాలా రోజులైంది. నవ్వొచ్చింది.

నాకు పెద్దపేగు కాన్సర్. నాలుగో స్టేజ్. మూడేళ్ళ కిందట, నాకు 48 ఏళ్ళప్పుడు బయటపడింది. అప్పటికే లివర్‌లోకి పాకింది. ఇప్పుడు 51. వంట చేస్తాను, ఆఫీసు పని సగం రోజు చేస్తాను, మా ఆయనతో పోట్లాడతాను. ఇవన్నీ చేస్తూనే కాన్సర్‌తో ఉన్నాను.

మొదట వచ్చింది అలసట. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.2. ఆ వయసులో ఆడవాళ్ళకి రక్తం తక్కువంటే ఎవరైనా ముందు నెలసరి వైపే చూస్తారు. నేనూ అటే చూశాను, నన్ను చూసిన డాక్టరూ అటే చూశారు. ఐరన్ మాత్రలు రాశారు. మూడు నెలలకి 10 దాటింది. మానేస్తే మళ్ళీ పడిపోయింది. మళ్ళీ మాత్రలు. ఇలా పధ్నాలుగు నెలలు గడిపాం. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఆ రంగు చూసి కూడా నాకు అనుమానం రాలేదు. ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అని లెక్క చూసుకున్నామే తప్ప, అసలు ఎందుకు తగ్గుతోందని ఎవరమూ అడగలేదు.

నా గడ్డ పెద్దపేగుకి కుడివైపు ఉంది. అక్కడ పేగు వెడల్పుగా ఉంటుంది, లోపలి మలం ఇంకా పలచగానే ఉంటుంది. గడ్డ చాలా పెద్దదయ్యేదాకా అడ్డం పడదు, నొప్పి తెలియదు. కంటికి కనపడనంత రక్తం రోజూ కాస్త కాస్త పోతూ ఉంటుంది. ఎడమవైపు వస్తే మలబద్ధకమో, ఎర్రగా రక్తమో, ఏదో ఒకటి ముందే పట్టించే అవకాశం ఎక్కువ. చివరికి వేరే పని మీద కలిసిన ఇంకో డాక్టరమ్మ నా పాత రిపోర్టులన్నీ వరసగా పేర్చుకుని, "ఇంత రక్తం ఎక్కడికి పోతోందో చూద్దామా?" అన్నారు. వారంలో కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పేగు లోపల చూడటం. ఆ తర్వాత బయాప్సీ, సీటీ స్కాన్. అంతే, మూడు కాగితాల్లో తేలిపోయింది.

కిట్ సంగతి అక్కడే చెప్పాలి. కాన్సర్ బయటపడటానికి మూడేళ్ళ ముందు ఒక హెల్త్ చెకప్‌లో, 45 దాటాయి కదా అని నాకు మలపరీక్ష కిట్ ఇచ్చారు. ఫిట్ పరీక్ష అంటారు. చిన్న ప్లాస్టిక్ గొట్టం, మూతకి అతికించి ఒక పుల్ల, పుల్ల చివర గాట్లు. ఆ పుల్లతో మలం మీద నాలుగైదు చోట్ల గీరి, గొట్టంలో పెట్టి, మూత బిగించి ఇవ్వాలి. కంటికి కనపడని రక్తాన్ని కూడా అది పట్టుకుంటుంది. రెండు నిమిషాల పని. ఛీ, ఎవరు చేస్తారులే అనుకుని బాత్రూమ్ అరలో, షాంపూ సీసాల వెనక్కి తోసేశాను. స్కాన్ రిపోర్టు వచ్చిన వారానికి, ఏదో ఒక పని చేయకపోతే పిచ్చెక్కుతుందని అర సర్దుతుంటే బయటపడింది. సీలు తీయలేదు. గడువు తేదీ దాటి చాలా కాలమైంది. దాన్ని పట్టుకుని బాత్రూమ్ నేల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆయన తలుపు కొట్టేదాకా.

అది వాడి ఉంటే ముందే దొరికేదా అని తర్వాత డాక్టర్ గారిని అడిగాను. కచ్చితంగా చెప్పలేం అన్నారు. ఫిట్ ఒకసారి చేసి వదిలేసేది కాదు, ఏటా చేయాలి. పాలిప్‌లంటే పేగు లోపలి గోడ మీద లేచే బుడిపెలు. చిన్నవాటిని అది చాలాసార్లు పట్టుకోలేదు కూడా. కానీ మామూలు పాలిప్ ఒకటి కాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ వరకూ పడుతుంది. అన్ని పాలిప్‌లూ మారవు, మారేవి మాత్రం తొందరపడవు. అంటే నా గడ్డ శనగగింజంత ఉన్న రోజులు ఉన్నాయి. కొలనోస్కోపీ గొట్టంలోంచి ఒక తీగ ఉచ్చు వేసి దాన్ని అక్కడికక్కడే తీసేసే రోజులు. ఆ పద్ధతి కొత్తదేం కాదు. 1969లోనే న్యూయార్క్‌లో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా అనే డాక్టర్లు కోత లేకుండా అలా పాలిప్ తీశారు. నేను పుట్టకముందే వచ్చిన వైద్యాన్ని నేను షాంపూ సీసాల వెనక పెట్టాను.

ఇక బంధువుల పరామర్శలు. "పేగుకీ వచ్చింది, లివర్‌కీ వచ్చిందటగా, రెండు కాన్సర్లా?" అని అడిగినవాళ్ళకి లెక్కలేదు. రెండు కాదండీ, ఒకటే. పేగు దగ్గరి రక్తమంతా ముందు లివర్‌కే వెళ్తుంది, కాబట్టి పేగు నుంచి బయల్దేరిన కణాలు చాలాసార్లు మొదట దిగేది అక్కడే. లివర్‌లో ఉన్నా అవి పేగు కాన్సర్ కణాలే, మందూ పేగు కాన్సర్ మందే. లివర్‌లో మచ్చలు కొన్నే ఉంటే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు. అలా పూర్తిగా బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. నాకు రెండు వైపులా చాలా ఉన్నాయి. ఆపరేషన్ కుదరదన్నారు.

"నయమవుతుందా?" అని అడిగింది మా ఆయన. నేను అడగలేకపోయాను. "అదుపులో పెడదాం" అన్నారు డాక్టర్ గారు. ఆ మాట ఆ రోజు నాకు మోసంలా వినిపించింది. ఇప్పుడు ఆ మాటలోనే మూడేళ్ళుగా కాపురం ఉంటున్నాను.

మొదటి కీమో ఫోల్‌ఫాక్స్. రెండు వారాలకోసారి. మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద ఒక పోర్ట్ పెట్టారు. ఆస్పత్రిలో కొన్ని గంటలు ఎక్కించాక, మిగతా మందు ఉన్న పంపు తగిలించి ఇంటికి పంపేస్తారు. 46 గంటలు. పంపు అంటే మోటారు ఏమీ లేదు. పాలసీసా అంత గట్టి డబ్బా, అందులో మందుతో ఉబ్బిన బెలూన్. బెలూన్ తనంతట తను ముడుచుకుంటూ మందును లోపలికి నెడుతుంది. నడుముకి చిన్న సంచిలో కట్టుకుని తిరగాలి. రాత్రి పక్క తిరగాలంటే ముందు దాన్ని తిప్పాలి. గొట్టం ఒకసారి తలుపు గొళ్ళేనికి చిక్కుకుంటే ప్రాణం పోయినంత పనైంది. బెలూన్ ఎంత చిక్కిందో గంటకోసారి చూడటం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, పొయ్యి మీద పాలు చూసినట్టు.

ఆ మందుల్లో ఆక్సాలిప్లాటిన్ అని ఒకటుంది. దాంతో చల్లదనానికీ మనకీ పడదు. ఎవరో చెప్పారు కానీ ఇంతని అనుకోలేదు. మొదటి డోసు తర్వాత ఫ్రిజ్‌లో చెయ్యి పెడితే కరెంటు షాక్ కొట్టినట్టు వేళ్ళు కొంకర్లు పోయాయి. చల్లటి నీళ్ళు గుక్క తాగితే గొంతు పట్టేసినట్టై ఊపిరి ఆగిందని భయపడ్డాను. అప్పటినుంచి ఫ్రిజ్ తలుపు తీయాలంటే ఉన్ని గ్లోవ్స్. ఎనిమిది డోసులయ్యేసరికి కాలివేళ్ళు మొద్దుబారాయి, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. అప్పుడు దాన్ని ఆపి మాత్రలకి మార్చారు, దాంతోపాటు మూడు వారాలకోసారి బెవాసిజుమాబ్ అనే ఇంజక్షన్. గడ్డకి జన్యు పరీక్షలు కూడా చేశారు. కేరాస్ అనే జన్యువులో మార్పు ఉండటంతో కొన్ని మందులు నా మీద పనిచేయవని ముందే తేలింది. కుటుంబంలో దిగే లించ్ సిండ్రోమ్ లక్షణాలు లేవన్నారు. ఆ ఒక్క వాక్యానికి ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

అసలు కష్టం మందు కాదు, స్కాన్. మూడు నెలలకోసారి. ఇంకో పది రోజులుందనగా ఇంట్లో మాటలు తగ్గుతాయి. చిన్న దగ్గు వస్తే లంగ్స్‌కి పాకిందేమో, నడుం నొప్పెడితే ఎముకలకేమో. రిపోర్టులో "మార్పు లేదు" అని ఉంటే మామూలు మనుషులు నిరాశపడతారేమో, మాకు మాత్రం అది పండగ.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది మా తమ్ముడి సంగతి.

నాకు బయటపడినప్పుడు వాడికి 44. తోబుట్టువుకి ఈ కాన్సర్ వస్తే మిగతావాళ్ళు 40 ఏళ్ళకి, లేదా ఆ మనిషికి బయటపడిన వయసుకి పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాకు 48 కాబట్టి వాడికి 38కే జరగాల్సింది. అప్పటికే ఆరేళ్ళు ఆలస్యం. ఇంట్లో ఎవరికీ లేనివాళ్ళకి కూడా అమెరికాలో 2021లో మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి తగ్గించారు, చిన్న వయసులో కేసులు పెరుగుతున్నాయని. ఇదంతా చెబితే వాడు, "అక్కా, నువ్వు ముందు నీ ఆరోగ్యం చూసుకో" అన్నాడు.

వాడికి అప్పుడప్పుడూ మోషన్‌లో రక్తం పడుతుందని మా మరదలు నోరు జారింది.

"అది పైల్సే అక్కా. అయిదారేళ్ళ నుంచి ఉంది."

"పైల్స్ అని ఎవరు తేల్చార్రా?"

"ఎవరు తేల్చడమేంటి, నాకు తెలీదా?"

ఎనిమిది నెలలు ఇదే వరస. లెక్కలు చెప్పాను. అమెరికా గణాంకాల్లో, పేగు దాటకముందు దొరికితే అయిదేళ్ళ తర్వాత బతికి ఉండేవాళ్ళు 100కి దాదాపు 90 మంది, నాలా దూరం పాకాక దొరికితే 15 దగ్గర. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆ 15 మాట వాడికి నా గురించే వినిపించి ఉంటుంది, నాది బుద్ధితక్కువ. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ సంగతి చెప్పాను. 2016లో మూడో స్టేజ్‌లో బయటపడింది, 2020లో 43 ఏళ్ళకే పోయాడు. ఏ స్క్రీనింగ్ వయసూ రాకముందే. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు చేయించుకునేది స్క్రీనింగ్. రక్తం కనపడ్డాక అది స్క్రీనింగ్ కాదు, వయసుతో సంబంధం లేకుండా కారణం వెతకాల్సిందే. ఇదీ చెప్పాను. "సరే చూద్దాం" అన్నాడు. మనవాళ్ళ "చూద్దాం" తెలిసిందేగా.

చివరికి పనిచేసింది ఆ కిట్. పారేయకుండా దాచాను, ఎందుకో నాకే తెలియదు. ఒకరోజు వాడు వస్తే మాట్లాడకుండా చేతిలో పెట్టాను. ఏంటిదన్నాడు. చెప్పాను. గడువు తేదీ చదివాడు, అటూ ఇటూ తిప్పాడు, టేబుల్ మీద పెట్టి నీళ్ళు తాగడానికి లేచాడు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి తేదీ చెప్పాడు.

ముందురోజు రాత్రి మళ్ళీ ఫోన్. పేగు శుభ్రం కావడానికి సగం మందు రాత్రి, సగం తెల్లవారుజామున తాగాలి, వచ్చేది పలచటి పసుపు నీళ్ళలా అయ్యేదాకా. "అక్కా, ఇంకా రెండు గ్లాసులుంది. ఉప్పగా, నూనెగా, ఛండాలంగా ఉంది. మానెయ్యనా?"

"నా పంపు నీకు ఇస్తాను, ఆ గ్లాసులు నాకు ఇవ్వు."

తాగాడు. పరీక్ష అరగంట కూడా పట్టలేదు, మత్తులో ఏమీ తెలియలేదట. రెండు పాలిప్‌లు, ఒకటి 12 మిల్లీమీటర్లు. రెండూ అప్పుడే తీసేశారు. ల్యాబ్ రిపోర్టులో అడినోమా అని, అంటే ముందు ముందు కాన్సర్‌గా మారగల రకమని వచ్చింది, కాన్సర్ లేదు, మూడేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. రిపోర్టు చివర్లో పైల్స్ కూడా ఉన్నాయని రాశారు. "చూశావా, నేను చెప్పానా లేదా?" అని నాకు ఆ లైన్ మాత్రం గుండ్రం చుట్టి పంపించాడు.

కోపం రాలేదు. ఒక మాట ఒప్పుకోవాలి, అసూయ కలిగింది. 12 మిల్లీమీటర్లు. నాది ఎప్పుడు ఆ సైజులో ఉందో, ఆ రోజు నేను ఏం చేస్తున్నానో అని చాలాసేపు ఆలోచించాను. తర్వాత వాడికి ఫోన్ చేసి మూడేళ్ళ తర్వాతి తేదీ రాసి పెట్టుకోమన్నాను.

మొన్న నా స్కాన్‌కి వాడే తీసుకెళ్ళాడు. నేను గౌను మార్చుకుని, చేతికి క్యాన్యులా పెట్టించుకుని కూర్చున్నాను. వాడు కారిడార్‌లో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. గొంతు పెద్దది కదా, తలుపు వేసి ఉన్నా వినబడుతోంది.

"పైల్స్ అని ఎవడు తేల్చాడ్రా? నువ్వేనా? నువ్వేమైనా డాక్టర్‌వా?"

లోపలి నుంచి నా పేరు పిలిచారు.